బండలాగే ఊళ్ళలో బాక్సింగ్ రింగు

దువ్వూరు బస్టాండు ఎదుట కట్టిన ఫ్లెక్సీలో రెండు ఒంగోలు గిత్తలు కొమ్ములెత్తి నిలబడి ఉన్నాయి. దగ్గర్లోని ఊళ్ళో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు. గిత్తల బొమ్మ కింద బహుమతుల పట్టిక. మొదటి బహుమతి ఇచ్చేవారి పేరు, వాళ్ళ నాయన పేరు, ఊరి పేరు. రెండోది ఇంకొకరు, తల్లి జ్ఞాపకార్థం. మూడోది కువైట్‌లో పనిచేసే అన్నదమ్ములు. అట్లా చివరి బహుమతి దాకా ఒక్క గడి కూడా ఖాళీ లేదు. వచ్చిన ఎడ్లకు మేత ఎవరిదో, నీళ్ళ ట్యాంకరు ఎవరిదో, మనుషులకు అన్నదానం ఎవరిదో, మైకు సెట్టు ఎవరిదో కూడా రాశారు. టికెట్టు అనే మాట ఎక్కడా లేదు.

నేను వచ్చింది ఎడ్ల కోసం కాదు. చిన్న ఊళ్ళలో బాక్సింగ్ పోటీ పెట్టడం ఎందుకింత కష్టమవుతోందో, ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్ళు ఎందుకు త్వరగానే చాలించుకుంటున్నారో కళ్ళారా చూద్దామని ఈ పక్కకు బయల్దేరాను. దువ్వూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ దారికి బాక్సింగ్‌లో చెప్పుకోదగ్గ పేరేమీ లేదు. లేదు కాబట్టే వచ్చాను. విశాఖకో నిజామాబాద్‌కో పోతే ఆట నిలదొక్కుకున్నాక ఎట్లా ఉంటుందో తెలుస్తుంది. నిలదొక్కుకోకముందే ఎక్కడ తడబడుతుందో తెలియాలంటే ఇట్లాంటి చోటికే రావాలి.

దువ్వూరు కర్నూలు–కడప రహదారి వెంబడి సాగిన ఊరు. పక్కనే కేసీ కాలువ. కాలువలో నీళ్ళు పారితే చుట్టుపక్కల వరి, పసుపు. పారకపోతే మాటలన్నీ నీళ్ళ గురించే. టీ అంగడి బల్ల మీద కూర్చున్న ఒక పెద్దాయన్ను ఆ ఫ్లెక్సీ గురించి అడిగాను. అడగడమే ఆలస్యం, చెప్పుకుపోయాడు.

“ఊరికే ఎద్దును తోలుకపోతే కుదరదు సామీ. పండ్లు చూస్తారు. పాలపండ్లు ఒక ఇబాగం. రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు, ఆ పైన సీనియర్లు. చిన్నదానికి చిన్న బండ, పెద్దదానికి పెద్ద బండ. చీటీ ఏసి వరస తీస్తారు. టైము ఇస్తారు. ఆ టైములో ఎన్ని అడుగులు లాగితే అంత. అంగుళాలు గూడా లెక్కే.”

నేను బాక్సింగ్‌లో బరువుల విభాగాల గురించి చెప్పాను. ఆయనకు వెంటనే అందింది. “అంతే మరి. నాలుగు పండ్ల దాన్ని ఆరు పండ్ల దాంతో కడితే అది పోటీ ఎందుకైతాది?” అన్నాడు. నేను పుస్తకాల్లో చదువుకున్న నియమం ఆయనకు ఎద్దు నోట్లోనే ఉంది. ఈ నేలకు పోటీ నడపడం కొత్త కాదని, సమానులను సమానులతో జత కట్టడం ఇక్కడివాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదని అప్పుడే నాకు గట్టిగా అనిపించింది. బాక్సింగ్ వైపు నుంచి ఇక్కడికి వచ్చేవాళ్ళు ఏమీ తెలియని జనానికి పాఠం చెప్పబోతున్నట్టు వస్తారు. అది సరికాదు.

ఒక తేడా మాత్రం ఉంది, అది చిన్నది కాదు. బండలాగుడులో ఎవరు గెలిచారో టేపు చెబుతుంది. గట్టున నిలబడ్డ పిల్లవాడు కూడా చదవగలడు. బాక్సింగ్‌లో రింగు చుట్టూ కూర్చున్న న్యాయనిర్ణేతలు ఒక్కో రౌండుకు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 లేదా అంతకు తక్కువ వేసుకుంటూ పోతారు. శుభ్రంగా తగిలిన దెబ్బ ఏదో, చేతుల మీద ఆగిపోయిన దెబ్బ ఏదో వెనక వరసలో ఉన్నవాడికి కనపడదు. తమ ఊరి పిల్లవాడు ముందుకు ముందుకు పోతుంటే వాడే గెలుస్తున్నాడనుకుంటారు. చివరికి రిఫరీ అవతలివాడి చెయ్యి పైకెత్తుతాడు. అక్కడ గొడవ మొదలవుతుంది. చిన్న పోటీలు పెట్టేవాళ్ళు జనం రావడం లేదని బాధపడతారు కానీ, ఒకసారి వచ్చి మళ్ళీ రాని జనం గురించి ఎక్కువ ఆలోచించాలి. రౌండుకూ రౌండుకూ మధ్య దొరికే ఆ ఒక్క నిమిషంలో మైకు దగ్గర ఉన్నవాడు ఇప్పుడేం జరిగిందో తెలుగులో విడమరిచి చెబితే సగం గొడవ తగ్గుతుంది. బండలాగుడు మైకులో అదే చేస్తారు. ఏ జత ఎవరిది, ఏ ఊరిది, పోయిన చోట ఎంత లాగింది, ఇప్పుడు ఎన్ని నిమిషాలు మిగిలింది, ముందున్న జతను దాటాలంటే ఇంకా ఎన్ని అడుగులు కావాలి, అన్నీ చెబుతూనే ఉంటారు. బాక్సింగ్ పోటీలో మైకు “రెడ్ కార్నర్, బ్లూ కార్నర్” అని ఊరుకుంటుంది. ఆ ఎర్ర బనీను ఎవరి కొడుకో చెప్పరు.

మైదుకూరు దగ్గర బస్సు మారి ప్రొద్దుటూరు చేరాను.

ప్రొద్దుటూరును రెండో బొంబాయి అంటారు. బంగారం అంగళ్ళు వరసగా ఉన్న వీధుల వెనక, సందుల్లో, మిద్దెల మీద చిన్న చిన్న గదుల్లో పని జరుగుతుంది. కుంపటి, ఊదుగొట్టం, పట్టకారు, ఆకురాయి. దసరాకు ఈ ఊరు జనంతో కిక్కిరిసిపోతుంది. వాసవీ కన్యకాపరమేశ్వరి గుడి ఉత్సవాలు, తొట్టిమెరవణి చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. ఆ అలంకారాలకు, ఊరేగింపులకు డబ్బు ఈ వ్యాపారుల నుంచే వస్తుంది. ఇవ్వడం తెలిసిన ఊరు ఇది.

ఒక స్కూలు ఆవరణలో సాయంత్రం పూట పిల్లలకు బాక్సింగ్ నేర్పే మాస్టర్‌ను కలిశాను. పగలు వేరే స్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడు. ఇక్కడ జీతం లేదు. వేపచెట్టు కొమ్మకు ఒక పంచింగ్ బ్యాగు వేలాడుతోంది, చిరిగిన చోటల్లా టేపు అంటించి ఉంది. పదిహేను మంది దాకా పిల్లలు, అందులో ముగ్గురు ఆడపిల్లలు.

గట్టు మీద కూర్చుని ఒక కుర్రాడు చేతులకు గుడ్డ చుట్టుకుంటున్నాడు. కొన్న బ్యాండేజీ కాదు, పాత నూలు పంచెను నిడుపుగా చించి కుట్టిన పట్టీ. ముందు బొటనవేలికి ఉచ్చు తగిలించాడు. మణికట్టు చుట్టూ గట్టిగా చుట్టి, చేతి వెనక నుంచి తెచ్చి పిడికిలి కణుపుల మీద పొరలు పేర్చాడు. తర్వాత ఒక్కో వేలి సందులోంచి లాగి మళ్ళీ మణికట్టుకు తెచ్చాడు. పిడికిలి మూసి తెరిచి, చూపుడువేలు దగ్గర వదులుగా ఉందనిపించి మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టాడు. అంత ఓపిక ఎక్కడిదా అని చూస్తే ఆ వేళ్ళే చెప్పాయి. ఎడమచేతి చూపుడువేలి మీద ఆకురాయి గీసిన మచ్చలు, బొటనవేలి గోరు అంచు కాలి నల్లబడింది. పగలంతా కుంపటి ముందు కూర్చుని పుస్తెల దండకు గుండ్లు అతికే పని. ఆవగింజంత బంగారాన్ని పట్టకారుతో పట్టి చోటు తప్పకుండా పెట్టాలి.

“మా నాయన ఒకటే మాట సార్,” అన్నాడు. “వేలు ఇరిగితే కుంపటి ముందర ఎవురు కూచుంటారని.”

ఆ తండ్రి మాటలో తప్పేమీ లేదు. బాక్సింగ్‌లో చేతి ఎముకలకు దెబ్బలు తగలడం మామూలే. ఆ ఇంటికి ఆ వేళ్ళే అన్నం. ఆటను ప్రోత్సహించండి అని సభల్లో చెప్పేవాళ్ళు ముందు ఆ తండ్రికి ఏం చెబుతారో చెప్పాలి. వేలు విరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు, ఆ నెల కూలి ఎవరిస్తారు? చిన్న పోటీ పెట్టేవాళ్ళ ఖర్చుల లెక్కలో ప్రమాద బీమాకు చోటు ఉండాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. కప్పులు తగ్గించైనా సరే.

మాస్టర్ పోయినేడు ఒక సాయంత్రం పోటీ పెట్టాడు. పన్నెండు బౌట్లు అనుకుంటే ఆరు జరిగాయి. ఎందుకు సగమయ్యాయో ఆయన చెప్పుకొచ్చిన తీరులో కోపం లేదు, అలసట ఉంది.

“కప్పులు ఇస్తామని ముగ్గురు వచ్చినారు సార్. అంబులెన్సు ఇస్తామని ఒక్కరూ రాలే. దాత పేరు కప్పు మీద చెక్కిస్తే చూడ్డానికి బాగుంటాది. అంబులెన్సు మీద పేరు ఏసుకోవాలంటే శకునం బాగలేదంటారు.”

రింగు తెప్పించడం ఇంకో కథ. బాక్సింగ్ రింగు అంటే నాలుగు గుంజలకు కట్టిన తాళ్ళే అనుకుంటాం. పోటీ రింగుకు తాళ్ళ లోపల ఒక్కో పక్క 6.1 మీటర్లు ఉంటుంది. కింద చెక్క వేదిక, దాని మీద మెత్తటి పొర, ఆ పైన ముడతల్లేకుండా బిగించి కట్టిన కాన్వాసు. మూలల్లో దిండ్లు. ఆ మెత్తటి పొర ఊరికే పెట్టింది కాదు. దెబ్బ తగిలి స్పృహ తప్పినవాడు చేతులు అడ్డం పెట్టుకోలేడు, చెట్టు కూలినట్టు వెనక్కి పడతాడు. అప్పుడు తల గట్టి నేలకు కొట్టుకుంటే గ్లవ్ చేసిన దానికంటే నేల చేసే నష్టం ఎక్కువ. సిమెంటు గచ్చు మీద పలచని చాపలు పరిచి బౌట్లు ఆడించడం నాకు తెలిసిన చోట్ల జరుగుతూనే ఉంది. డబ్బు లేకనే అట్లా చేస్తారు. అయినా సరే, అట్లాంటి పోటీ జరగకపోవడమే మేలు. డాక్టరు రాలేదని తెలిసినా ఫ్లెక్సీలు కట్టేశాం కదా అని గంట కొట్టించే నిర్వాహకుడు ఆ ఆటకు శత్రువు. ఈ మాస్టర్ ఆ రోజు డాక్టరు వచ్చేదాకా గంటన్నర పోటీ ఆపాడు. ఆ గంటన్నరలో జనంలో సగం లేచిపోయారు. ఆయన్ను నేను గౌరవిస్తాను.

మిగతా బౌట్లు పోయింది ప్రత్యర్థులు దొరక్క. ఊళ్ళో పదిహేను మంది పిల్లలుంటే ఒకే వయసు, ఒకే బరువు, ఒకే అనుభవం ఉన్న జతలు ఎన్ని కుదురుతాయి? కడప నుంచో అనంతపురం నుంచో కర్నూలు నుంచో తేవాలి. ఫోన్‌లో 50 కిలోలన్నవాడు పొద్దున కాటా ఎక్కితే 53 ఉంటాడు. ఇవతలివాడు ఎనిమిది బౌట్లు ఆడాడని తెలిస్తే అవతలి మాస్టర్ తన పిల్లవాణ్ణి పంపడు. పంపకపోవడం న్యాయమే. ఒకవేళ వస్తే బస్సు చార్జీలు, రాత్రి పడక, భోజనం పోటీ పెట్టినవాడే చూసుకోవాలి. పైగా ఎదుటి ఊళ్ళో, ఎదుటివాడి చుట్టాల కేకల మధ్య ఓడిపోవడానికి ఎవడు వస్తాడు?

ఇది ప్రొద్దుటూరుకే ఉన్న తిప్పలు కాదు. డబ్బుకు ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్ ఉన్న ఇంగ్లండ్‌లో చిన్న హాళ్ళ పోటీలు దీని చుట్టూనే తిరుగుతాయి. తూర్పు లండన్‌లో 1929లో తెరిచిన యార్క్ హాల్ అట్లాంటి పోటీలకు పేరుబడ్డ చోటు. అక్కడ కొత్త బాక్సర్ తన టికెట్లు తానే చుట్టాలకు, స్నేహితులకు అమ్ముకోవాలి. ఆ వచ్చిన డబ్బులోంచే ఎదురుగా నిలబడేవాడి ఫీజు కూడా పోతుంది. ఎదుట నిలబడేవాళ్ళు వేరే వర్గం. ఊరూరూ తిరిగి, ఎక్కువ సార్లు ఓడిపోతూ, కొత్తవాళ్ళకు ఆట నేర్పే పాతకాపులు వాళ్ళు. బర్మింగ్‌హామ్‌కు చెందిన పీటర్ బక్లీ 2008లో రిటైరయ్యేసరికి 300 బౌట్లు ఆడాడు. అందులో 256 ఓటములు. అతన్ని ఎగతాళి చేసినవాళ్ళున్నారు. కానీ అతనూ అతని వంటివాళ్ళూ లేకపోతే ఎన్ని సాయంత్రాల పోటీలు రద్దయి ఉండేవో ఆలోచించాలి. మన దగ్గర అమెచ్యూర్ పిల్లల్ని అట్లా ఓటమికి పిలవకూడదు, పిలవలేం. అందుకే జత కుదర్చడం ఇంకా కష్టం. ఓడినవాడికి చేతిలో ఏదో ఒకటి పెట్టి, మైకులో పేరు, ఊరు చెప్పి, చప్పట్లతో పంపితేనే మళ్ళీ వస్తాడు. బండలాగుడులో తొమ్మిదో బహుమతి ఎందుకు పెడతారో నాకు ప్రొద్దుటూరులో అర్థమైంది. దూరం నుంచి లారీలో ఎడ్లను తెచ్చినవాడు ఉత్త చేతులతో పోకూడదు.

ఇంకో చిక్కు కాగితాలది. పిల్లల్ని పంపే ప్రతి తల్లీ తండ్రీ అడిగేది ఒకటే: “సర్టిఫికెట్ వస్తాదా?” స్పోర్ట్స్ కోటాలో సీటుకో, పోలీసు ఉద్యోగానికో, రైల్వేకో, సైన్యానికో పనికొచ్చే కాగితం కావాలి. గుర్తింపు ఉన్న సంఘం నడిపిన పోటీలకూ, స్కూల్ గేమ్స్ ఎంపికలకూ ఆ విలువ ఉంటుంది. ఊళ్ళో తిరునాళ్ళలో గెలిచిన కప్పుకు ఉండదు. అట్లని జిల్లా స్థాయి పోటీకి నేరుగా పోతే, ఒక్క బౌటు కూడా ఆడని పిల్లవాడు రాటుదేలినవాడి ముందు పడి మొదటి రౌండులోనే ఆట మీద విరక్తి తెచ్చుకుంటాడు. కాగితానికి విలువ లేని ఆ చిన్న పోటీలే పిల్లవాణ్ణి తయారుచేస్తాయి. ఈ మాట తల్లిదండ్రులకు చెప్పి ఒప్పించడం మాస్టర్‌కు రింగు తేవడం కంటే కష్టంగా ఉంది.

పైనున్నవాళ్ళ గొడవలు కింద ఎంత నష్టం చేస్తాయో ఈ ఆటలో చూశాం. 2012 డిసెంబరులో భారత బాక్సింగ్ సమాఖ్యను అంతర్జాతీయ సంఘం సస్పెండ్ చేసింది. 2013 ప్రపంచ పోటీల్లో మన బాక్సర్లు జాతీయ జెండా లేకుండా బరిలో దిగాల్సి వచ్చింది. మధ్యలో ఒక కొత్త సంఘం పుట్టి అదీ నిలవలేదు. 2016లో ఇప్పటి బాక్సింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా ఏర్పడేదాకా ఎవరి సర్టిఫికెట్ చెల్లుతుందో తెలియని పరిస్థితి. ఆ తర్వాత అంతర్జాతీయ సంఘానికే 2023లో ఒలింపిక్ కమిటీ గుర్తింపు తీసేసింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ ఉంటుందని 2025లో గానీ ఖాయం కాలేదు. ఎక్కడో లౌసాన్‌లో జరిగిన మాటలకు ఇక్కడ వేపచెట్టు కింద పిల్లలు తగ్గిపోతారు. “ఒలింపిక్స్‌లోంచి తీసేస్తారంట కదా” అని ఇద్దరు తల్లులు పిల్లల్ని మాన్పించారని మాస్టర్ చెప్పాడు.

ప్రభుత్వాలు ఊరి ఆటలకు పెద్ద ఎత్తున డబ్బు పెట్టిన సందర్భాల్లోనూ బాక్సింగ్ పక్కనే ఉండిపోయింది. 2023 డిసెంబరులో మొదలై 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిసిన ఆడుదాం ఆంధ్రా పోటీల్లో క్రికెట్, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బ్యాడ్మింటన్ ఉన్నాయి. బాక్సింగ్ లేదు. గ్రామ సచివాలయం స్థాయిలో రింగు, డాక్టరు, రిఫరీ పెట్టలేరు కాబట్టి ఆ నిర్ణయాన్ని తప్పుపట్టను. కానీ నియోజకవర్గానికో రింగు కొని ఒకచోట ఉంచి, అడిగినవాళ్ళకు లారీ కిరాయితో ఇచ్చే ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు. ఊళ్ళలో పెళ్ళి వంటపాత్రలు అట్లానే ఉమ్మడిగా వాడుకోలేదా?

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దారిలో నల్లరేగడి చేలు, శనగ పైరు. 2016 నుంచి ఎర్రగుంట్ల–నంద్యాల లైను మీద ప్యాసింజరు రైలు కూడా నడుస్తోంది గానీ నేను బస్సులోనే పోయాను. కిటికీ పక్కన కూర్చుంటే మద్రాసు సంగతి గుర్తొచ్చింది. ఒకప్పుడు కడప మద్రాసు రాష్ట్రంలోని జిల్లానే. మద్రాసు ఉత్తర భాగంలో, హార్బరు చుట్టుపక్కల పేటల్లో పరంపరల పేరుతో బాక్సింగ్ బృందాలు ఉండేవి. కూలిపని చేసుకునేవాళ్ళు టికెట్టు కొని పోటీలు చూసేవాళ్ళు. ఒక పేట ఒక పరంపర వైపు, ఇంకో పేట ఇంకో పరంపర వైపు. 2021లో పా. రంజిత్ తీసిన సార్పట్ట పరంపర సినిమాతో ఆ సంగతి మనవాళ్ళకూ తెలిసింది. 1980లో మహమ్మద్ అలీ మద్రాసు వచ్చి నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన బౌటు ఆడితే జనం విరగబడ్డారు. కానీ ఆ పేటల పోటీలు తర్వాతి కాలంలో సన్నగిల్లిపోయాయి. ఒక్క రాత్రికి వచ్చిన మహావీరుడు ప్రతి నెలా జరిగే చిన్న పోటీకి బదులు కాడు.

తెలుగు నేల మీద బాక్సింగ్ నిలిచిన చోట్లు చూసినా అదే తెలుస్తుంది. విశాఖలో స్పోర్ట్స్ అథారిటీ కేంద్రంలో ఐ. వెంకటేశ్వరరావు ఏళ్ళ తరబడి శిక్షణ ఇచ్చారు, 2011లో ద్రోణాచార్య అవార్డు వచ్చింది. ఆ ఊరి అమ్మాయి నాగిశెట్టి ఉష 2008 ప్రపంచ పోటీల్లో రజతం గెలిచింది, 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకుంది. నిజామాబాద్‌లో మహమ్మద్ షంషుద్దీన్ తన కొడుకులకూ ఊరి పిల్లలకూ కలిపి నేర్పాడు. ఆయన కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లోనూ 2023 ప్రపంచ పోటీల్లోనూ కాంస్యాలు తెచ్చాడు. షంషుద్దీన్ దగ్గరే నిఖత్ జరీన్ మొదలుపెట్టింది. తోటి ఆడపిల్లలు లేక మగపిల్లలతోనే సాధన చేసి, తర్వాత విశాఖ కేంద్రానికి పోయి, 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయ్యింది. రెండు చోట్లా ముందు ఒక మనిషి కదలకుండా ఒకేచోట ఏళ్ళు గడిపాడు. పతకాలు తర్వాత వచ్చాయి.

జమ్మలమడుగు పక్కన మోరగుడి చేనేత ఊరు. అక్కడ ఒక ఇంట్లో మగ్గం ఆగి ఉంది, పక్కన రాట్నం మీద తల్లి కండెలు చుడుతోంది. వాళ్ళ అమ్మాయి వారానికి మూడు సాయంత్రాలు ప్రొద్దుటూరు బస్సెక్కి ఆ వేపచెట్టు కిందికే పోతుంది. పిల్ల ఎదురుగానే ఆ తల్లి నాతో అంది: “మూతి పగిలితే రేపు ఎవురు చేసుకుంటారు సార్?” నిఖత్ తల్లి కూడా కూతురి పెళ్ళి గురించి ఇట్లాగే బెంగపడిందని నిఖత్ చాలాచోట్ల చెప్పుకుంది. ఆ మాట నేను చెబితే ఆమె కాసేపు ఆలోచించి, “ఆ పిల్లకు ఇప్పుడేం ఉద్యోగం?” అని అడిగింది. తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీ అని చెప్పాను. కండె తిరుగుతూనే ఉంది గానీ ఆమె మొహంలో బిగువు తగ్గింది. అంతటితో ఒప్పుకుందని చెప్పను. పంపడం మాత్రం మానలేదు, అదే పెద్ద సంగతి.

అమ్మాయి ఇంతవరకూ ఒక్క బౌటూ ఆడలేదు. సాధన చేస్తూనే ఉంది, ఎదురుగా నిలబడేందుకు ఆ బరువులో ఇంకో ఆడపిల్ల లేదు. ఈ జిల్లా అమ్మాయి శ్రీచరణి 2025 నవంబరులో క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉందని అందరూ గర్వంగా చెప్పుకుంటున్నారు, చెప్పుకోవాల్సిందే. కానీ క్రికెట్లో ఒక్క పిల్ల అబ్బాయిల జట్టులో కలిసి ఆడుతూ పెరగొచ్చు. బాక్సింగ్‌లో ఎదురుగా అదే బరువు ఆడపిల్ల లేకపోతే పోటీయే లేదు. పక్క జిల్లాలతో కలిసి నడిపే చిన్న పోటీల అవసరం అన్నిటికంటే ముందు ఈ ఆడపిల్లలకే ఉంది.

గండికోట ఇక్కడికి దగ్గరే. సందర్శకుల బస్సులు అటు పోతున్నాయి. నేను ముద్దనూరు మీదుగా పులివెందుల బస్సెక్కాను.

పులివెందుల చుట్టూ అరటి తోటలు, చీనీ తోటలు. ఊరి బయట ఒక తోట దగ్గర అరటి గెలలు లారీకి ఎత్తుతున్నారు. ఆ తోట ఆసామి పక్క ఊరి తిరునాళ్ళ కమిటీలో పెద్ద. ఏటా బండలాగుడు పోటీలు దగ్గరుండి నడిపిస్తాడు. ప్రొద్దుటూరు మాస్టర్ పడిన పాట్లన్నీ ఆయన ముందు పెట్టి, ఇన్నేళ్ళు ఇన్ని జతలను పిలిపించి పోటీ ఎట్లా నడుపుతున్నారని అడిగాను.

“మేము ఎవుర్నీ లక్షలు ఇయ్యమని అడగం సామీ. ఎవురికి ఎంత శక్తి ఉంటాదో అంత ముక్క చేసి పెడతాం. ఒకాయన బహుమతి ఇస్తాడు. ఒకాయన సున్నం ఇస్తాడు, గీతలు గీయనీకి. పశువుల డాక్టరుకు కారు పంపేది ఇంకొకాయన. ఇచ్చిన పేరు మైకులో చెప్తాం. పోయిన సారి ఇచ్చినాయన ఈసారి ఇయ్యకుంటే ఊరోళ్ళే అడుగుతారు, ఏం రెడ్డీ, ఈసారి నీ పేరు లేదే అని.”

నేను పోటీ పెట్టే బాక్సింగ్ మాస్టర్లందరికీ చెప్పాలనుకున్నది ఆయన నోటి నుంచే వచ్చింది. మాస్టర్లు పెద్ద అంగడికి పోయి మొత్తం పోటీకి ఒక్క స్పాన్సర్‌ను అడుగుతారు. ఆ వ్యాపారి ఎంతమంది చూస్తారని అడుగుతాడు, సమాధానం ఉండదు, పని అక్కడితో ఆగిపోతుంది. డాక్టరు బల్ల ఒకరిది, అంబులెన్సు ఒకరిది, బయటి ఊరి పిల్లల భోజనం ఒకరిది, రిఫరీల దారి ఖర్చు ఒకరిది, బీమా ఒకరిదని విడగొట్టి పట్టిక వేస్తే ఈ జిల్లాలో ఆ గడులు నిండకుండా ఉండవు. నీళ్ళ ట్యాంకరుకు పేరు వేయించుకున్న మనుషులు వీళ్ళు.

ఆసామి నన్ను చాలా ప్రశ్నలు అడిగాడు. రింగు ఎంత పొడుగు, లారీ తిరగడానికి దారి ఎంత కావాలి, కరెంటు ఎంత లాగుతాది, పిల్లలకు రక్తం వస్తే ఆపుతారా లేదా. ఎవరైనా స్పృహ తప్పి పడితే అతన్ని కొంతకాలం దాకా మళ్ళీ బరిలోకి దింపకూడదనే నియమం ఉందని చెబితే తల ఊపాడు. పందేలు కాసేవాళ్ళను రానిస్తారా అని గట్టిగా అడిగాడు. రానివ్వకూడదన్నాను. “రానిస్తే పోలీసోళ్ళు వస్తారు, ఇంకోసారి పర్మిషన్ ఉండదు” అన్నాడు. తర్వాత తన లెక్క చెప్పాడు: ఎద్దుల పోటీలు ఎండెక్కకముందే అయిపోవాలి, రాత్రి నాటకం ఉంటుంది, మధ్యలో సాయంత్రం ఖాళీ. జనం ఎటూ పోరు, అక్కడక్కడే బొరుగులు, బజ్జీలు తింటూ తిరుగుతుంటారు.

అక్కడి నుంచే ప్రొద్దుటూరు మాస్టర్‌కు ఫోన్ కలిపి ఇచ్చాను. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. రింగు మోయడానికి ఊరి కుర్రాళ్ళు వస్తారా అని మాస్టర్ అడిగాడు. వస్తారు గానీ రాత్రి ఎనిమిదికల్లా స్థలం నాటకమోళ్ళకు ఖాళీ చేయాలని ఆసామి. డాక్టరు రాకపోతే పోటీ ఉండదని మాస్టర్ ముందే చెప్పేశాడు. అది వినడానికి నాకు సంతోషమేసింది. 46లో ఒక జత ఉంది, 48లో రెండున్నాయి, మోరగుడి అమ్మాయికి అనంతపురంలో విచారించాలి, 57లో గుండ్లు అతికే పిల్లవాడికి కదిరిలో ఒకడున్నాడు గానీ వాళ్ళ నాయన ఒప్పుకోవాలి అని మాస్టర్ చెబుతుంటే ఆసామి ఆ అంకెలను అరటి గెలల చీటీ వెనక రాసుకున్నాడు.

“అంబులెన్సుకు ఎవురి పేరు ఏయాల్నో నేను చూసుకుంటా,” అన్నాడు ఫోన్‌లో. “కదిరోళ్ళ నాయనతో నువ్వు మాట్లాడు. ఒప్పుకోకపోతే నెంబరు నాకియ్యి. ఆ పక్క మా వియ్యంకులుండారు.”